స్టాల్ పెట్టే ముందు ప్రమాదాల అంచనా ఎలా వేయాలి?

మగ్గంవాడు (సోమవారం, ఉదయం 10.20)

అందరికీ నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలోని ఒక చేనేత సహకార సంఘం. వచ్చే నెలలో ఒక పట్టణంలో 21 రోజులపాటు జరిగే వస్తు ప్రదర్శనలో మొదటిసారి స్టాల్ తీసుకున్నాము. నిర్వాహకులు డబ్బు కట్టించుకున్న తరువాత ఒక పేజీ పత్రం పంపి, "స్టాల్‌లో ఎదురయ్యే ప్రమాదాలు, వాటికి తీసుకున్న జాగ్రత్తలు" రాసి సంతకం చేసి పంపమన్నారు. నిప్పు, కరెంటు, జనం రద్దీ, దొంగతనం, ఇతరములు అని 5 గళ్లు ఉన్నాయి. నేను మొదటి గడిలో "ఫైరు సిలిండర్ ఉంది" అనీ, రెండో గడిలో "జాగ్రత్తగా వాడతాము" అనీ రాసి, ఇంత తేలికగా రాసేసిన దానిలో ఏదో లోపం ఉండి తీరుతుందన్న అనుమానంతో పంపకుండా ఆపాను.

మా స్టాల్ 10 అడుగులు పొడవు, 10 అడుగులు వెడల్పు. మూడు వైపులా ప్లైవుడ్ గోడలు, పైన రేకు, దాని కింద నిర్వాహకులే కట్టించిన తెల్లటి గుడ్డ. సరుకు మొత్తం ఇక్కత్ చీరలు, దుప్పట్లు, పంచెలు. విలువ సుమారు 8 లక్షల రూపాయలు. ఎల్ఈడీ దీపాలు 8, ఫ్యాన్లు రెండు, చీర విప్పి చూపిన తరువాత మడత సరిచేయడానికి ఒక ఇస్త్రీ పెట్టె, టీ నీళ్లకు ఒక కరెంటు కెటిల్ పెట్టుకుంటాము. మా ఊరి కుర్రవాళ్లు ఇద్దరు పగలు అమ్మకాలు చూస్తారు, రాత్రి సరుకుకు కాపలాగా స్టాల్‌లోనే పడుకుంటారు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

విశ్రాంత అగ్నిమాపకుడు (సోమవారం, మధ్యాహ్నం 1.05)

మగ్గంవాడు గారూ, మీరు పత్రాన్ని ఆపడం మంచిదైంది. అగ్నిమాపక శాఖలో 31 ఏళ్లు పనిచేసి దిగిపోయాను. ఇలాంటి పత్రాలు వందల సంఖ్యలో చూశాను. "ఫైరు సిలిండర్ ఉంది" అన్న వాక్యం లేని పత్రం ఒక్కటీ చూడలేదు. 6 కిలోల పొడి సిలిండర్ పూర్తిగా ఖాళీ కావడానికి సుమారు 15 నుంచి 20 సెకన్లు పడుతుంది. అది తలుపు దగ్గర చేతికి అందేలా ఉండి, ఒత్తిడి చూపే ముల్లు ఆకుపచ్చ గీతలో ఉండి, పిన్ను లాగి మంట మొదలు మీదకు కొట్టాలని తెలిసిన మనిషి అక్కడే నిలబడి ఉంటేనే ఆ 20 సెకన్లకు విలువ. చీరల కట్టల వెనక్కి నెట్టిన సిలిండర్ మంట పుట్టిన తరువాత ఎవరికీ అందదు.

మీరు ముందుగా తెలుసుకోవలసింది 2019 జనవరి 30 రాత్రి హైదరాబాదు నాంపల్లి నుమాయిష్‌లో జరిగిన సంగతి. నుమాయిష్ 1938లో మొదలై, 1946 నుంచి నాంపల్లి మైదానంలో జరుగుతూ, అప్పట్లో ఏటా రెండు వేలకు పైగా స్టాళ్లు పెట్టిన ప్రదర్శన. ఆ రాత్రి 8 గంటలు దాటాక అంటుకున్న మంటలో వందల స్టాళ్లు బూడిద అయ్యాయి. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూడండి. సరుకు దక్కలేదు, జనం దక్కారు. వేళ అలాంటిది. అందరూ మెలకువగా ఉన్నారు, దారులు తెరిచి ఉన్నాయి, కేకలు వినబడ్డాయి.

ఆ వందల స్టాళ్లలో చాలావాటిలో యజమాని చేసిన తప్పు ఏదీ ఉండి ఉండదు. గోడకు గోడ ఆనుకున్న వరుసలో మంట ఒక స్టాల్ దగ్గర ఆగదు కనుక, మీరు అంచనా వేయవలసింది మీ 100 చదరపు అడుగులను కాదు, మీరు నిలబడబోయే వరుస మొత్తాన్ని. మీ కుడి పక్కన ఎవరు, ఎడమ పక్కన ఎవరు, మీ వెనక గోడకు అవతల ఏముంది అన్నవి మీ పత్రంలో గడి లేని ప్రశ్నలు. వెనక సందులో ఖాళీ అట్టపెట్టెలు పోగుపడతాయి, అక్కడే ఎవరో బీడీ కాలుస్తారు.

ఇంకొకటి మీ పైకప్పు కింద ఉన్న తెల్ల గుడ్డ. నూలుదా, సింథటిక్‌దా? తాత్కాలిక పందిళ్ల కోసం ఐఎస్ 8758 అనే భారతీయ ప్రమాణం ఉంది. సింథటిక్ గుడ్డ, సింథటిక్ తాళ్లు వాడరాదని, పైకప్పు ఎత్తు 3 మీటర్లకు తగ్గరాదని, కరెంటు తీగల కింద పందిరి వేయరాదని అందులో ఉంటుంది. సింథటిక్ గుడ్డ కాలుతూ చుక్కలుగా కారి, కింద ఉన్నదాన్ని కూడా అంటిస్తుంది. మీ స్టాల్‌లో కింద ఉండేది చీరలు. 2006 ఏప్రిల్ 10న మీరట్ విక్టోరియా పార్కులో, వినియోగ వస్తువుల ప్రదర్శన చివరి రోజున, గుడారాలు అంటుకొని 65 మంది చనిపోయారు. గుడారాలు వేసింది గుత్తేదారు కనుక బాధ్యత అతనిదేనని నిర్వాహకులు వాదించినా, 2022లో సుప్రీంకోర్టు ఆ మాటను ఒప్పుకోకుండా పరిహారంలో 60 శాతం నిర్వాహకులు, 40 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలని తేల్చింది. కనుక ఆ గుడ్డ గురించి నిర్వాహకులను రాతపూర్వకంగా అడగడానికి మొహమాటపడకండి. అడిగే హక్కు మీకు ఉంది, జవాబు చెప్పే బాధ్యత వారికి ఉంది.

తీగల మేస్త్రి (సోమవారం, సాయంత్రం 6.40)

కరెంటు సంగతి నేను చెబుతాను. పందిళ్లకు, ప్రదర్శనలకు వైరింగు చేయడం నా వృత్తి. మీరు ఇచ్చిన లెక్కే తీసుకుందాం. 50 వాట్ల దీపాలు 8 అంటే 400. ఫ్యాన్లు రెండూ కలిపి 120. ఇస్త్రీ పెట్టె 1,200, కెటిల్ 1,500, ఫోన్లూ కార్డు మిషనూ కలిపి ఒక 50. మొత్తం 3,270 వాట్లు. 230తో భాగిస్తే 14 ఆంపియర్లు దాటుతుంది. మీకు నిర్వాహకులు ఇచ్చేది సాధారణంగా ఒక్క లైను. దానికి మీవాళ్లు బజారులో కొన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలిస్తారు. ఆ బోర్డు మీద ఉండే చిన్న సాకెట్లు 6 ఆంపియర్లవి. మీ కెటిల్ ఒక్కటే ఆరున్నర లాగుతుంది.

చాలామంది "మాకు ఎంసీబీ స్విచ్చి ఉంది, కరెంటు ఎక్కువైతే అదే పడిపోతుంది" అంటారు. ఎంసీబీ చూసేది లైనులో పారే కరెంటు మొత్తాన్ని. జాయింటు వదులుగా ఉంటే కరెంటు పెరగదు, వేడి పెరుగుతుంది. చేత్తో మెలిపెట్టి నల్ల టేపు చుట్టిన జాయింటు గంటల తరబడి వేడెక్కి, టేపు మెత్తబడి, తీగ తొడుగు కరిగి, పక్కన ఉన్న గుడ్డ మాడుతున్నా ఎంసీబీ కదలకుండా కూర్చుంటుంది. ప్రదర్శనల్లో నేను చూసిన మాడిన తీగల్లో ఎక్కువ భాగం జాయింటు దగ్గర మాడినవే. అందుకని జాయింటు లేని ఒకే ముక్క తీగ వాడమని నా షరతు. తప్పనిసరైతే స్క్రూ కనెక్టరు వేసి డబ్బాలో పెట్టాలి. తీగ చుట్ట విప్పకుండా మూలన పడేసి వాడితే ఆ చుట్టే వేడెక్కుతుంది. ఇది చిన్న విషయంగా కనబడుతుంది కాని, చుట్ట మధ్యలో చేయి పెట్టి చూసినవారికి తెలుస్తుంది.

మనిషికి షాకు తగలకుండా కాపాడేది వేరు, అది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి. వర్షం పడి నేల తడిస్తే, ఇనుప చట్రాల స్టాల్‌లో అదే దిక్కు. మెయిన్ బోర్డులో ఉందో లేదో అడగండి, ఉంటే దాని మీద టెస్టు అన్న బొత్తాం నొక్కి చూపించమనండి. నొక్కితే పడిపోవాలి. పడకపోతే ఉన్నా లేనట్టే.

మగ్గంవాడు (సోమవారం, రాత్రి 9.15)

మేస్త్రి గారూ, కెటిల్ మానేస్తాము, టీ బయట తాగుతారు. ఇస్త్రీ పెట్టె మానడం కష్టం. ఇక్కత్ చీర పదిమంది విప్పి చూశాక నలిగిపోతే పదకొండో మనిషి ముట్టుకోరు.

తీగల మేస్త్రి (సోమవారం, రాత్రి 9.50)

మానవద్దు. దానికి వేరే 16 ఆంపియర్ల సాకెట్టు అడిగి తీసుకోండి. ఇస్త్రీ బల్ల గుడ్డల గోడకు ఆనించకుండా ముందువైపు వేయండి. వాడిన తరువాత స్విచ్చి తీయడం చాలదు, ప్లగ్గు లాగి తీగను పెట్టెకు చుట్టకుండా వేలాడదీయమని కుర్రవాళ్లకు చెప్పండి. కొనేవారు ఒకేసారి నలుగురు వచ్చినప్పుడే ఇస్త్రీ పెట్టెను చీర మీద మరచిపోతారు. కొనేవారు లేనప్పుడు ఎవరూ మరచిపోరు.

పచ్చళ్లక్క (మంగళవారం, ఉదయం 7.30)

మేము మహిళా సంఘం తరఫున 11 ఏళ్లుగా తినుబండారాల స్టాల్ పెడుతున్నాము. చీరల తమ్ముడికి నేను చెప్పేది ఒక్కటే. మీ వరుసలో మాలాంటి వాళ్లు ఉన్నారేమో ముందే చూసుకోండి. మా దగ్గర 19 కిలోల గ్యాసు బండ ఉంటుంది, మరుగుతున్న నూనె ఉంటుంది. గ్యాసు గాలికంటే బరువు, లీకైతే పైకి పోదు, నేలబారుగా పాకి పక్క స్టాల్ బల్ల కిందకు చేరుతుంది. మా పొయ్యి మంట ఆరితే మీ బల్ల కింద వాసన వస్తుందన్నమాట.

మొదటి సంవత్సరం మిరపకాయ బజ్జీల బాణలి అంటుకుంది. పక్కవాళ్ల అబ్బాయి మంచి మనసుతోనే బిందెడు నీళ్లు తెచ్చాడు. మా అత్తగారు అతని చెయ్యి పట్టుకుని ఆపి, పక్కన ఉన్న పెద్ద పళ్లెం బాణలి మీద బోర్లించి, బండ దగ్గర రెగ్యులేటరు కట్టేశారు. మంట ఆరింది. మరుగుతున్న నూనెలో ఆ నీళ్లు పడి ఉంటే నిప్పు పైకప్పు గుడ్డను అందుకునేది. అప్పటి నుంచి బాణలికి సరిపోయే మూత పొయ్యి పక్కన లేకుండా మేము పొయ్యి వెలిగించము. బండ నిలబెట్టే ఉంటుంది, పడుకోబెట్టము. ఖాళీ బండలు స్టాల్‌లో ఉంచము. మా చెల్లెళ్లు పని చేసేటప్పుడు కొంగు నడుముకు దోపుకుంటారు.

రేకుల దుకాణం (మంగళవారం, ఉదయం 11.10)

అందరూ పెద్దలే, కాదనను. కాని ఇన్ని జాగ్రత్తలు పాటిస్తే వ్యాపారం ఎప్పుడు చేసుకోవాలి? స్టాల్ అద్దె, కరెంటు డబ్బు, కుర్రవాళ్ల జీతం, భోజనం పోను 21 రోజులకు మిగిలేది ఎంతో ఇక్కడ అందరికీ తెలుసు. గిరాకీ కోసం బల్ల రెండు అడుగులు దారిలోకి జరపని వ్యాపారి ఎవరో చెప్పండి. పక్కవాడు జరిపితే మనం జరపక తప్పదు, లేకపోతే మన స్టాల్ కనబడదు. నిర్వాహకులు పత్రం అడిగేది కూడా రేపు ఏదైనా జరిగితే "వీళ్లే సంతకం పెట్టారు" అని చూపడానికే తప్ప చదవడానికి కాదని నా నమ్మకం.

విశ్రాంత అగ్నిమాపకుడు (మంగళవారం, మధ్యాహ్నం 12.30)

రేకుల దుకాణం గారూ, చివరి మాటలో నిజం ఉంది, దానికి నేను అడ్డు చెప్పను. బల్ల సంగతి మాత్రం మీరే విప్పి చెప్పారు. ఇరువైపులా రెండేసి అడుగులు జరిపితే 12 అడుగుల దారి 8 అడుగులు అవుతుంది. ఆదివారం సాయంత్రం జనం ఆ దారిలోనే వెనుదిరిగి పరుగెత్తాలి. అగ్నిమాపక వాహనం ఆ దారిలోనే లోపలికి రావాలి. ఒక్కరే వెనక్కి జరగడం నష్టమే, ఒప్పుకుంటాను. వరుస మొత్తం కలిసి సున్నం గీత గీసుకుంటే ఎవరికీ నష్టం లేదు. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, మా ఊరి జాతరలో బొమ్మల దుకాణాల వాళ్లు ఏటా చేసే పనే.

పుస్తకాల సంచి (మంగళవారం, రాత్రి 10.45)

ఇంతసేపు చర్చ జరిగినా, మగ్గంవాడు గారు మొదటి టపాలో చివరగా రాసిన ఒక వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. "రాత్రి సరుకుకు కాపలాగా స్టాల్‌లోనే పడుకుంటారు."

నేను పుస్తకాల ప్రదర్శనల్లో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్నాను. మొదటి ఆరేడేళ్లు నేనూ అలాగే పడుకున్నాను. రాత్రి 10 గంటలకు దీపాలు ఆర్పాక స్టాల్ ముందు టార్పాలిన్ దించి, కింది అంచును కర్రకు చుట్టి, రెండు పక్కల గుంజలకు నైలాను తాడుతో కట్టేవాళ్లం. ఆ కట్టు బయటి వైపున ఉండేది. కాపలా మనిషి చుట్టూ తిరుగుతూ ముడి బిగుతుగా ఉందో లేదో లాగి చూసి పోయేవాడు. లోపల నేను, మరో కుర్రవాడు, పుస్తకాల కట్టల మీద దుప్పటి పరుచుకుని. చలికాలం కనుక సందులన్నీ అట్టముక్కలతో మూసేవాళ్లం. దోమల మందు చుట్ట వెలిగించి, స్టీలు పళ్లెంలో పెట్టి, ఆ పళ్లేన్ని అట్టపెట్టె మీద ఉంచేవాళ్లం.

ఒకరాత్రి, ప్రదర్శన పేరు చెప్పను, గొంతు మండుతున్నట్టయి లేచాను. చుట్ట విరిగి పళ్లెం అంచు దాటి అట్ట మీద పడింది. మంట లేదు, అరచేతి వెడల్పున ఎర్రటి అంచుతో నలుపు పాకుతోంది. నీళ్ల సీసా పోసి ఆర్పాము. అదంతా ఒక నిమిషం పని. తరువాత బయటకు పోయి గాలి పీల్చుకుందామని టార్పాలిన్ దగ్గరకు వెళ్లి, ముడి కోసం చేయి బయటికి పెట్టాను. మంచుకు తడిసి బిగిసిన నైలాను ముడి వేళ్లకు లొంగలేదు. కాపలా మనిషిని పిలిచాను, పలకలేదు. చివరికి పుస్తకాల కట్టలు కోసే బ్లేడుతో తాడు తెంపి బయటపడ్డాను. ఆ తాడు తెంపడానికి పట్టిన సమయం నాకు ఇప్పటికీ గుర్తుంది కాని, ఎంతసేపో చెప్పలేను.

విశ్రాంత అగ్నిమాపకుడు (బుధవారం, ఉదయం 6.15)

పుస్తకాల సంచి గారికి నమస్కారం. నేను చూసి కూడా ఆగకుండా పోయిన వాక్యం అది. నుమాయిష్ మంటలో జనం మెలకువగా ఉండటం గురించి అంత చెప్పి, నిద్రపోయే ఇద్దరు కుర్రవాళ్లను వదిలేశాను. అదే మంట తెల్లవారుజామున 3 గంటలకు పుట్టి ఉంటే లెక్క ఎలా ఉండేదో ఎవరైనా ఊహించుకోవచ్చు. విజయవాడ జింఖానా మైదానంలో 2022 అక్టోబరు 23న, దీపావళికి ముందు రోజు, బాణసంచా దుకాణాలు తగలబడి ఇద్దరు చనిపోయినది కూడా ఉదయం వేళే, కొనేవాళ్లు ఇంకా రాకముందే. బాణసంచాకు కనీసం రాసిపెట్టిన నిబంధన ఉంది. 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం తాత్కాలిక దుకాణాల మధ్య 3 మీటర్ల ఎడం ఉండాలి, ఎదురెదురుగా ఉండరాదు, ఒకచోట 50 దుకాణాలకు మించరాదు. చీరల స్టాల్‌కు అలాంటి ఎడం ఎవరూ ఇవ్వరు.

నిద్రలో ఉన్న మనిషిని మంటకంటే ముందు పొగ పట్టుకుంటుంది. మూసిన టార్పాలిన్ లోపల పొగ నిండటానికి చీరల కట్ట ఒకటి మాడితే చాలు. మగ్గంవాడు గారూ, ప్రమాదం జరిగే అవకాశానికి 5 మార్కులు, తీవ్రతకు 5 మార్కులు వేసి గుణించే పట్టికలు మీకు ఎవరైనా పంపవచ్చు. పగటికి ఒక పట్టిక, రాత్రికి ఒక పట్టిక వేయకపోతే ఆ గుణకారం వృథా. రాత్రిపూట దొంగతనం అన్న గడికి మందుగా మీరు మనుషులను లోపల పెట్టారు, ఆ మందు వల్ల నిప్పు అన్న గడి బరువెక్కింది.

సర్వేయరు (బుధవారం, ఉదయం 10.00)

బీమా నష్టాల అంచనా వేయడం నా పని కనుక, కుర్రవాళ్లను లోపల పడుకోబెట్టడానికి అసలు కారణం ఏమిటో నేను అడుగుతాను. సరుకు పోతే తిరిగి రాదన్న భయమే కదా. మీ సంఘం దుకాణానికి అగ్ని బీమా ఉంటే, అది పాలసీలో రాసిన చిరునామాలో ఉన్న సరుకుకే వర్తిస్తుంది. 21 రోజులు వేరే ఊరికి తీసుకెళ్లిన సరుకుకు ఆ చిరునామాను, ఆ తేదీలను ముందే రాతపూర్వకంగా చేర్పించాలి. ఇక సహకార సంఘాలు తరచుగా పడే గోతి ఇంకొకటి ఉంది. ఆ చీరలు సంఘం కొన్నవా, నేతగాళ్లు అమ్మి పెట్టమని నమ్మి ఇచ్చినవా? నమ్మకం మీద, కమిషను మీద ఉంచుకున్న సరుకును పాలసీలో ప్రత్యేకంగా ప్రకటించకపోతే సాధారణ అగ్ని బీమా దానికి పరిహారం ఇవ్వదు. దొంగతనం అగ్ని బీమాలోకి రాదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. ప్రతిరాత్రి మూసేటప్పుడు మిగిలిన సరుకు లెక్క రాసి, ఫోటో తీసి సంఘం కార్యాలయానికి పంపండి. బిల్లు పుస్తకం స్టాల్‌లో ఉంచితే సరుకుతోపాటు రుజువు కూడా కాలిపోతుంది.

మగ్గంవాడు (బుధవారం, మధ్యాహ్నం 2.20)

సగానికి పైగా నేతగాళ్లు నమ్మి ఇచ్చినవే. పాలసీ తీసి చూశాను, ఆ మాట అందులో లేదు. రేపు బ్యాంకు దగ్గరకు, అక్కడి నుంచి బీమా కార్యాలయానికి వెళుతున్నాను.

రేకుల దుకాణం (బుధవారం, సాయంత్రం 5.45)

నిన్న నేను రాసినది చదువుకుని కొంచెం సిగ్గుపడ్డాను. నా పనివాడు కూడా స్టాల్‌లోనే పడుకుంటాడు. ఒక లెక్క చెబుతాను, చూడండి. రాత్రి కాపలాకు ఇద్దరు మనుషులు, ఒక్కొక్కరికి 600 రూపాయలు, 21 రాత్రులకు 25,200. వరుసలో 12 స్టాళ్లు పంచుకుంటే తలకు 2,100. ఇద్దరూ వరుసలో తిరుగుతూ మేలుకుని ఉంటారు, లోపల ఎవరూ పడుకోరు. మా ఊరి సంతలో ధాన్యం కొట్ల వాళ్లు ఇలాగే చేస్తారు. వరుసలో ఒక్కరు పూనుకుంటే మిగతావాళ్లు వస్తారు, కాకపోతే మొదటి రోజే అడగాలి, నాలుగో రోజుకు ఎవరి గోల వారిది.

పచ్చళ్లక్క (బుధవారం, సాయంత్రం 6.10)

ఆ ఇద్దరికీ రాత్రి భోజనం ఎవరు పెడతారో కూడా ముందే అనుకోండి. ఆకలితో ఉన్న కాపలావాడు 12 గంటలకు టీ కొట్టు వెతుక్కుంటూ పోతాడు.

మగ్గంవాడు (శనివారం, రాత్రి 8.30)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఇంకా దుకాణాలు తెరవని మైదానానికి వెళ్లి మా వరుస అంతా నడిచి చూశాను. మాకు ఎడమ పక్కన చెప్పుల దుకాణం, కుడి పక్కన ప్లాస్టిక్ సామాను, వెనక గోడకు అవతల సందు. ఆ సందు వెడల్పు నేను చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత. అక్కడ ఏ స్టాల్ వాళ్లూ పెట్టెలు ఉంచకూడదని నిర్వాహకులతో మాట్లాడి, ఒప్పుకున్నట్టు ఉత్తరం తీసుకున్నాను. పైకప్పు గుడ్డ అంచు నుంచి రెండు అంగుళాల ముక్క కోసుకుని ఆరుబయట అగ్గిపుల్లతో అంటించి చూశాను. ముడుచుకుని, నల్లటి చుక్క అయి కింద పడింది. మా స్టాల్ వరకు దాన్ని తీసేయమని రాసి ఇచ్చాను, రేకు కనబడితే కనబడనీ. ఇస్త్రీకి వేరే సాకెట్టు రాయించుకున్నాను. ఆర్‌సీసీబీ టెస్టు బొత్తాం నొక్కించాను, పడింది.

పత్రంలో "ఇతరములు" అన్న గడిని గీతతో రెండుగా చేసి, పగలు, రాత్రి అని రాశాను. రాత్రి కింద "స్టాల్‌లో ఎవరూ నిద్రించరు" అని రాసి సంతకం చేశాను. కుర్రవాళ్లకు మైదానం పక్క వీధిలో ఒక గది మాట్లాడాను. కాపలా ఖర్చుకు 12 స్టాళ్లలో ఏడుగురు సరేనన్నారు, చెప్పుల దుకాణం ఆయన మాత్రం తన తమ్ముడు లోపలే పడుకుంటాడని అంటున్నారు. ఆ టార్పాలిన్ ముడి లోపలి వైపు కట్టుకోమని మాత్రం ఒప్పించగలిగాను. మిగతాది మొదటి రోజు టీ దగ్గర మళ్లీ అడుగుతాను.